పెద్దవాళ్లకు ఏ ఫోన్ కొనాలి: బటన్ ఫోనా, టచ్ ఫోనా, ట్యాబా?

దసరాకు ఊరికొచ్చిన కొడుకో కూతురో అమ్మానాన్నలకు ఫోన్ కొనిచ్చి పోవడం మన దగ్గర మామూలే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో, పాలమూరు బజార్‌లోనో కొట్టుకు పోయి "మా నాయనకు కండ్లు సరిగ్గా కనిపించవు, పెద్ద స్క్రీన్ ఉన్నది చూపించు" అంటారు. కొట్టాయన ఆరున్నర ఇంచుల ఫోన్ తీసి ముందు పెడతాడు. సంక్రాంతికి వచ్చి చూస్తే ఆ ఫోన్ బీరువాలో ఉంటుంది. నాయన చేతిలో పాత డబ్బా ఫోనే ఉంటుంది.

స్క్రీన్ సైజు, ర్యామ్, కెమెరా అన్నీ అడిగి కూడా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఫోన్ పట్టుకోబోయే మనిషి దేన్ని చూసి గుర్తుపడతారు? అంకెనా, అక్షరాన్నా, మొహాన్నా, లేక "కింద ఎడమ పక్కన ఉండేది" అన్న జాగానా? ఏ ఫోన్ కొనాలన్నది దీన్ని బట్టే తేలుతుందని నా గట్టి నమ్మకం.

మన జిల్లాల్లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో అదే అట్టడుగు. నల్లగొండది 64 శాతం. ఇది అన్ని వయసులూ కలిపిన లెక్క. అరవై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. చదువురాని అవ్వకు అక్షరాలు ఎంత పెద్దవి చేసి ఇచ్చినా ఉపయోగం లేదు. ఆమెకు మనవడి మొహం కావాలి.

కొట్టుకు పోయే ముందు ఇంట్లో చూడండి

దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలు. దాన్ని చేతికిచ్చి, వాళ్లు మామూలుగా ఫోన్ ఎంత దూరంలో పట్టుకుంటారో అంత దూరంలో పట్టుకోమనండి. తేదీ అంకె కనిపిస్తోందా? దాని కింద వారం పేరు? చిన్న అక్షరాల్లో ఉండే తిథి, నక్షత్రం? తిథి దాకా చదివితే ఏ ఫోనైనా వాడగలరు, కొద్దిగా అక్షరం పెంచితే సరిపోతుంది. పెద్ద అంకె ఒక్కటే కనిపిస్తే ఫోన్‌లో కూడా అంకెల మీదా బొమ్మల మీదా ఆధారపడాల్సిందే. చెయ్యి పూర్తిగా చాపి క్యాలెండర్‌ను దూరంగా జరుపుతున్నారంటే అది చత్వారం. ఫోన్ ఖర్చు పక్కనపెట్టి ముందు అద్దాలు చేయించండి.

తర్వాత నోట్లు. సాయంత్రం ఇంట్లో బల్బు వెలుతురులో కొత్త వంద, యాభై కలిపి ఇచ్చి వేరు చేయమనండి. వంద లావెండర్ రంగు, యాభై నీలం. కంట్లో పొర వచ్చినవాళ్లకు కటకం పసుపు తిరిగి నీలం, ఊదా, ఆకుపచ్చ ఛాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఈ రెండు నోట్ల దగ్గర తడబడితే "నీలం గుర్తు నొక్కు, ఆకుపచ్చది నొక్కు" అని ఫోన్‌లో చెప్పి లాభం లేదు. పైగా చాలా ఫోన్లలో ఫోన్ చేసే గుర్తూ ఆకుపచ్చే, వాట్సాప్ కూడా ఆకుపచ్చే, రెండింటి మీదా రిసీవర్ బొమ్మే. 2020 నుంచి గూగుల్ తన జీమెయిల్, మ్యాప్స్, మీట్ గుర్తులన్నింటికీ అవే నాలుగు రంగులు వేసింది. అవి మనకే ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి.

చివరిది మొహం. మీ ఫోన్‌లో ఇంటివాళ్ల ఫోటోలు బొటనవేలి గోరంత సైజులో చూపించి ఎవరో చెప్పమనండి. అక్షరం రానివాళ్లు, అంకె తడబడేవాళ్లు కూడా ఇక్కడ టకటకా చెప్పేస్తారు. అలా చెప్పగలిగితే టచ్ ఫోన్ వాళ్లకు పనికొస్తుంది.

కంటి జబ్బును బట్టి స్క్రీన్

"పెద్ద స్క్రీన్ ఎవరికైనా మంచిదే" అన్న మాట సగమే నిజం.

చత్వారానికి మందు అద్దాలే. నలభై దాటాక కంటి కటకం బిగుసుకుపోయి దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు, అరవై దాకా పవర్ పెరుగుతూ పోతుంది. తెలంగాణ ప్రభుత్వం ఊరూరా కంటి పరీక్షలు చేసి అద్దాలిచ్చిన కంటి వెలుగు పథకం మొదటి విడత 2018 ఆగస్టు 15న, రెండో విడత 2023 జనవరి 18న మొదలైంది. అప్పుడిచ్చిన అద్దాలనే ఇప్పటికీ వాడుతున్నవాళ్లు ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఆ పవర్ ఇప్పుడు సరిపోకపోవచ్చు. రెండు పవర్లు కలిసిన అద్దాలైతే దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది. మంచంలో పడుకుని ఫోన్ మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే పై భాగంలోంచి చూసినట్టవుతుంది, అంతా మసకే. "కొత్త ఫోన్ కూడా కనిపిస్తలేదు" అనే ఫిర్యాదులో కొంత ఇదే. కూర్చుని, ఫోన్ ఛాతీ దగ్గర పట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

శుక్లం అంటే పొర ఉన్నవాళ్లకు అసలు ఇబ్బంది వెలుతురు చెదరడం. తెల్లటి స్క్రీన్ మీద బూడిదరంగు అక్షరం వాళ్లకు దాదాపు మాయమవుతుంది. వీళ్లకు డార్క్ మోడ్, అంటే నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరం, చాలాసార్లు హాయిగా ఉంటుంది. పొర లేనివాళ్లకు మాత్రం తెలుపు మీద నలుపే బాగా చదవొస్తుంది. అందరికీ డార్క్ మోడ్ పెట్టేయకుండా రెండూ చూపించి ఏది బాగుందో వాళ్లనే అడగండి.

నీటికాసుల జబ్బులో (గ్లకోమా) చుట్టుపక్కల చూపు తగ్గి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యభాగమే మిగులుతుంది. వీళ్లకు ఆరున్నర ఇంచుల స్క్రీన్, దాని మీద భారీ అక్షరాలు పెట్టిస్తే సగం గుర్తులు చూపు అవతల పడతాయి. తక్కువ గుర్తులతో చిన్న ఫోనే నయం. వయసుతో రెటీనా నడిమి భాగం దెబ్బతిన్నవాళ్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఎదురుగా ఉన్నదే కనిపించదు, పక్కలు కనిపిస్తాయి. ట్యాబ్, పెద్ద అక్షరం, పెద్ద మొహం ఇలాంటివాళ్లకే. షుగర్ వల్ల రెటీనా పాడైనవాళ్లకు చూపు రోజుకో తీరుగా ఉండొచ్చు. వాళ్ల ఫోన్‌లో చూపుతో పాటు మాట సాయం కూడా పెట్టి ఉంచాలి.

ఏది ఏ జబ్బో ఇంట్లో తేల్చుకునేది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో కంటి విభాగాలున్నాయి. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు పది వేలకు పైగా జనాన్ని పరీక్షించి చేసిన పెద్ద అధ్యయనంలో మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. చూపు తగ్గడానికి పెద్ద కారణాలుగా అందులో తేలినవి సరైన అద్దాలు లేకపోవడం, శుక్లం. రెండూ బాగుచేయగలిగినవే. అందుకే చెబుతున్నాను, పదివేల ఫోన్‌కు ముందు కంటి డాక్టర్.

బటన్ ఫోన్

దీన్ని చిన్నచూపు చూడొద్దు. చూపు బాగా తగ్గి, ఫోన్ మాట్లాడడం తప్ప వేరే అవసరం లేని మనిషికి దీన్ని మించినది లేదు. వేలికి బటన్ తగులుతుంది, నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది. ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. రాత్రి దొడ్లోకి పోవడానికి టార్చ్ ఉంటుంది. వెయ్యి, రెండు వేలల్లో దొరుకుతుంది.

మామూలుగా 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, కళ్లు మూసుకున్నా వేలికి దొరుకుతుంది. అందుకే స్పీడ్ డయల్‌లో అందరికంటే ముఖ్యమైన మనిషిని 5 మీద పెట్టండి. నొక్కి పట్టుకుంటే చాలు, కాల్ పోతుంది. అక్షరాలు రాకపోయినా అంకెలు తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు కాంటాక్ట్ పేర్లు ఇంగ్లిష్‌లో "రమేష్", "సునీత" అని పెడితే అవి గీతలే. పెద్దకొడుకు "1", బిడ్డ "2" అని అంకెలతో సేవ్ చేస్తే ఎవరు చేశారో స్క్రీన్ చూసి చెప్పగలుగుతారు. నంబర్ నొక్కుతుంటే బయటికి పలికే మోడల్ దొరికితే ఇంకా మంచిది. అంకె తప్పు పడితే చెవే పట్టేస్తుంది.

కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు. ఇంట్లో ఉన్న జియో సిమ్ తీసి మామూలు 2జీ డబ్బా ఫోన్‌లో వేస్తే సిగ్నల్ రాదు. 4జీ బటన్ ఫోనే తీసుకోవాలి, లేదా సిమ్ మార్చాలి.

పెద్ద బటన్లు, వెనకాల ఎమర్జెన్సీ మీట ఉండే "సీనియర్" ఫోన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఆ మీట నిజంగా ధైర్యం. కానీ మన ఊళ్లలో రిపేరు దొరకడం కష్టం, బ్యాటరీ పోతే మళ్లీ హైదరాబాదే.

టచ్ ఫోన్

పాలమూరు వలసల జిల్లా. కొడుకు ముంబైలోనో పుణెలోనో, కోడలు, పిల్లలు హైదరాబాద్‌లో. మనవరాలి మొహం చూడాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి. ఈ ఒక్క కారణానికే టచ్ ఫోన్ కొనొచ్చు. ఎనిమిది నుంచి పన్నెండు వేలలోది చాలు, అంతకు మించి పెట్టే ఖర్చు పెద్దవాళ్ల కంటికి ఉపయోగపడదు. డబ్బు ఎక్కువ పెట్టగలిగితే ఎండలో కూడా కనిపించేంత వెలుతురున్న స్క్రీన్ మీద పెట్టండి. చేలో, అరుగు మీద వాడేవాళ్లకు అది అవసరం.

పెట్టెలోంచి తీసి అలాగే ఇస్తే మాత్రం అది బీరువా ఫోనే. ఇచ్చే ముందు ఒక పూట కూర్చోవాలి.

హోమ్ స్క్రీన్ మీద ఉన్నవన్నీ తీసేయండి. విడ్జెట్లలో కాంటాక్ట్‌కు "డైరెక్ట్ డయల్" అని ఉంటుంది. దాంతో ఒక్కొక్కరి ఫోటో నేరుగా స్క్రీన్ మీదికి వస్తుంది, మొహాన్ని తాకితే కాల్ పోతుంది. నలుగురో ఆరుగురో చాలు. ఫోటో ఎంపికలో శ్రద్ధ పెట్టాలి. పెళ్లిలో దిగిన గ్రూపు ఫోటో, నల్ల కళ్లద్దాలు, వెనకాల చార్మినార్ వద్దు. మొహమే గుండ్రం నిండా ఉండాలి, వెనక ఒకే రంగు గోడ ఉండాలి. అక్కచెల్లెళ్లకు పోలికలు ఎక్కువైతే ఒకరిని పసుపు చీరలో, ఒకరిని ఎర్ర చీరలో తీయండి. పసుపు, ఎరుపు పొర ఉన్న కంటికి కూడా వేరువేరుగానే అందుతాయి. ఒక్కొక్కరికి ఒక్కో రింగ్‌టోన్ పెడితే ఫోన్ చూడకుండానే "చిన్నోడు చేస్తుండు" అంటారు.

ఒకసారి పెట్టిన జాగా మళ్లీ మార్చొద్దు. చూపు తగ్గినవాళ్లు గుర్తును చూడడం కన్నా అది ఉండే చోటును బట్టి ఎక్కువ పోతారు. చాలా ఫోన్లలో హోమ్ స్క్రీన్‌ను కదలకుండా లాక్ చేసే సెట్టింగ్ ఉంది, అది వేయండి. లేకపోతే వేలు కాస్త ఎక్కువసేపు ఆనినప్పుడల్లా గుర్తులు చెల్లాచెదురవుతాయి.

వాట్సాప్‌లో ఒక చిక్కుంది. అక్కడి ఫోటో మనం పెట్టేది కాదు, అవతలివాళ్లు పెట్టుకున్నదే కనిపిస్తుంది. అచ్చంపేట వైపు ఉండే మా చిన్నమ్మకు చదువు రాదు. మనవరాలి డీపీ చూసి వీడియో కాల్ చేసేది. ఆ పిల్ల ఒకరోజు డీపీలో గులాబీ పువ్వు పెట్టింది. చిన్నమ్మ వేలితో జాబితాను పైకీ కిందికీ జరుపుకుంటూ, ఆ పువ్వు మీదుగానే నాలుగైదుసార్లు పోయి, ఆఖరికి "పిల్ల దీంట్ల లేదు" అని ఫోన్ పక్కన పెట్టేసింది. ఇంట్లో చదువురాని పెద్దలుంటే డీపీ మీ మొహమే ఉండాలి, మార్చకూడదు. పిల్లలకు ఈ సంగతి చెబితే సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక సెట్టింగ్‌లు. యాక్సెసిబిలిటీలో అక్షరం సైజు వేరు, డిస్‌ప్లే సైజు వేరు. మొదటిది అక్షరాలనే పెంచుతుంది, రెండోది గుర్తులనూ బటన్లనూ కూడా పెంచుతుంది. చదువురానివాళ్లకు రెండోదే ముఖ్యం. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని 200 శాతం దాకా పెంచొచ్చు, కానీ చివరిదాకా లాగొద్దు. తెలుగు మాటలు పొడుగు, సగంలో తెగి చుక్కలు పడతాయి, బటన్లు స్క్రీన్ కిందికి పోతాయి. అలాగని తక్కువా పెట్టలేం. ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి, ద-ధ, ప-ఫ, బ-భ మధ్య తేడా ఒక చిన్న గీతే. ఇంగ్లిష్ అక్షరం హాయిగా చదవొచ్చే సైజులో తెలుగు ఒత్తు మచ్చలా కనిపిస్తుంది. ఒకటి రెండు మెట్లు పెంచి, బోల్డ్ ఆన్ చేసి చదివించి చూడండి. సామ్‌సంగ్‌లో "ఈజీ మోడ్" ఉంది, వేరే కంపెనీల్లోనూ ఇలాంటివి సింపుల్ మోడ్, లైట్ మోడ్ పేర్లతో ఉన్నాయి. పని తొందరగా అవుతుంది కానీ మొహాల అమరిక మీరే చేసుకోవాలి.

ఫోన్ భాష తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్‌లో ఉంచాలా? తెలుగు పేపరు చదివే అలవాటున్న తాతకు తెలుగే పెట్టండి. చదవనివాళ్లకు మీరు దూరం నుంచి ఫోన్‌లో చెప్పడానికి ఏది సులువో అదే ఉంచండి.

కొట్టులో అడగకుండానే స్క్రీన్ గార్డ్ అంటిస్తారు. పక్కవాళ్లకు కనిపించకుండా చేసే ప్రైవసీ గార్డ్ మాత్రం అస్సలు వద్దు, అది స్క్రీన్‌ను చీకటి చేస్తుంది. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడో వంతే. దాన్ని ఇంకా తగ్గించి ఇవ్వొద్దు. మెరుపు లేని మ్యాట్ గార్డ్ ఎండలో తిరిగేవాళ్లకు బాగుంటుంది, అక్షరం మాత్రం కొంచెం మసకవుతుంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలకు కన్ను ఒక్కటే ఇబ్బంది కాదు. మెడ వంగదు, వేలు జరగదు. వాళ్లకు ఫోన్ చేతికివ్వడం కన్నా కంటి ఎత్తులో స్టాండ్ మీద నిలబెట్టి ఇవ్వడం మంచిది. కాల్ ఎత్తడానికి వేలితో జరపాల్సిన పని లేకుండా వాల్యూమ్ బటన్ నొక్కితే ఎత్తుకునే సెట్టింగ్ కొన్ని ఫోన్లలో ఉంది. కొనేముందు కొట్టులోనే అది ఉందో లేదో చూడండి, వీళ్లకు మిగతా అన్నిటికంటే అదే ముఖ్యం. "టచ్ అండ్ హోల్డ్" సమయం, అంటే వేలు ఎంతసేపు ఆనితే నొక్కి పట్టినట్టు ఫోన్ లెక్కేస్తుందో అది, కూడా పెంచండి. గూగుల్‌తో తెలుగులో "లక్ష్మికి ఫోన్ చెయ్యి" అంటే చేస్తుంది. పేరు పలికేటప్పుడు మన యాసలో ఎలా పిలుస్తారో అలాగే కాంటాక్ట్ సేవ్ చేస్తే పొరపాట్లు తగ్గుతాయి.

ట్యాబ్

ఇంటి పట్టునే ఉండేవాళ్లకు, ఎదురుగా ఉన్నది కనిపించనివాళ్లకు, రోజూ వీడియో కాల్ చేసే ఇళ్లకు ట్యాబ్ చాలా బాగుంటుంది. స్టాండ్ మీద పెట్టి ఛార్జర్ తగిలించి ఉంచితే చాలు, మనవడి మొహం గడియారమంత కనిపిస్తుంది. చేతిలో పట్టుకోవడానికి మాత్రం బరువు. చాలావాటికి సిమ్ ఉండదు, ఇంట్లో వైఫై లేకపోతే పని చేయదు. బయటికి తీసుకుపోలేరు కాబట్టి పక్కన బటన్ ఫోన్ ఒకటి ఎలాగూ ఉండాలి. నాకు నచ్చిన జోడీ ఇదే: జేబులో బటన్ ఫోన్, ఇంట్లో ట్యాబ్.

కెమెరాతో గుర్తుపట్టే పనులు

మందుల స్ట్రిప్ మీద పేరు వెండి కాగితం మెరుపులో ఎవరికీ కనిపించదు. ఫోటో తీసి, రెండు వేళ్లతో పెంచి చూడడం అన్నిటికంటే సులువు, ఏ యాప్ అక్కర్లేదు. గూగుల్ లెన్స్ అక్షరాలను బయటికి చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా. నోటు విలువ చెప్పడానికి రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన "మనీ" (MANI) యాప్ ఉంది, నోటు కెమెరా ముందు పెడితే పలుకుతుంది, నెట్ లేకున్నా పనిచేస్తుంది. చూపు పూర్తిగా తగ్గినవాళ్లకు ఇవి వరం. కాస్త కనిపించేవాళ్లు నోటును మడతతో, సైజుతో గుర్తుపట్టేస్తారు, వాళ్లకు యాప్ భారమే.

ఫోన్ మనిషిని గుర్తుపట్టే పనీ ఒకటుంది. కేంద్ర పింఛన్‌దారులు, ఆర్టీసీలో చేసి ఈపీఎస్-95 (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే) పింఛన్ తీసుకునేవాళ్లు జీవన్ ప్రమాణ్ పత్రాన్ని, అంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువును, ఫోన్ కెమెరాకు మొహం చూపించి ఇవ్వొచ్చు. పొలం పనితో వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు ఇది పెద్ద ఊరట. ముందు కెమెరా కనీసం 5 మెగాపిక్సెల్ ఉండాలి. మొహం మీద వెలుతురు పడేలా కిటికీ వైపు తిరిగి కూర్చోబెట్టి, అడిగినప్పుడు కళ్లు ఆర్పమని చెప్పాలి. అయితే ఏడాదికి ఒకసారి చేసే ఈ పనికోసం ప్రత్యేకంగా టచ్ ఫోన్ కొనొద్దు, కొడుకు ఫోన్‌లో చేసినా చెల్లుతుంది.

డబ్బు, ఆపరేషన్

చూపు తగ్గిన మనిషి ఫోన్‌లో పెద్ద మొత్తం ఉన్న బ్యాంకు ఖాతాకు యూపీఐ పెట్టకండి. తెర మీద ఏం రాసుందో చదవలేనివాళ్లను "ఇక్కడ నొక్కు" అని నమ్మించడం మోసగాళ్లకు చిటికెలో పని. నెల ఖర్చుకు సరిపడా వేసిన వేరే ఖాతా ఒకటి కలిపితే చాలు. బటన్ ఫోన్‌లో కూడా 2022 నుంచి యూపీఐ 123పే ఉంది, ఇదే జాగ్రత్త దానికీ వర్తిస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. ఆ నంబర్ కూడా స్పీడ్ డయల్‌లోనో హోమ్ స్క్రీన్ మీదో పెట్టి ఉంచండి.

త్వరలో శుక్లం ఆపరేషన్ ఉంటే ఫోన్ కొనడం వాయిదా వేయండి. కొత్త కటకం పడ్డాక నీలాలు మళ్లీ నీలాలుగా కనిపిస్తాయి, వెలుతురు ఒక్కసారిగా ఎక్కువవుతుంది. అంతకుముందు పూర్తిగా పెంచి పెట్టిన బ్రైట్‌నెస్ కళ్లలో గుచ్చుకుంటుంది, డార్క్ మోడ్ అవసరమే పోవచ్చు. చదివే అద్దాల పవర్ కూడా కొన్ని వారాలయ్యాక, కన్ను కుదుటపడ్డాకే రాసిస్తారు. ఆ అద్దాలు చేతికొచ్చిన రోజున క్యాలెండర్, నోట్లు, ఫోటోలు మూడూ మళ్లీ చూపించి, అప్పుడు కొట్టుకు తీసుకుపోండి. ఫోన్ వాళ్ల చేతికే ఇప్పించి, వాళ్ల వేలితోనే ఒక కాల్ చేయించాకే డబ్బు కట్టండి.